కనపడని క్లిప్పు

ఒకే నల్లా కింద ఒకరి కట్టుడు పళ్ళు కడిగితే శుభ్రతా, మరొకరి పళ్ళ క్లిప్పు కడిగితే ఎంగిలీ ఎట్లా అవుతాయి? తేడా నీళ్ళలో ఉందా, పళ్ళలో ఉందా, ఆ పళ్ళు గల మనిషిలో ఉందా?

ఏన్కూరు దాటి అడవి మొదలయ్యేచోట ఒక బాలికల వసతి పాఠశాల ఉంది. అక్కడి స్టాఫ్‌రూములో ఈ ప్రశ్నకు ఇప్పటికీ ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పవలసినవాళ్ళందరూ చదువు చెప్పి జీతం తీసుకునేవాళ్ళే.

ఆ గదిలో కిటికీ పక్కన తెల్లని పింగాణీ బేసిన్ ఉంది. అంచున చిన్న పెచ్చు లేచిపోయింది. నల్లా తిప్పితే ముందు బుస్సుమని గాలి వస్తుంది, తరువాత నీళ్ళు వస్తాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్కడ జరగని పని లేదు. టిఫిన్ డబ్బాలు కడుగుతారు. గొంతు దాకా నీళ్ళు పట్టి పుక్కిలించి ఉమ్ముతారు. లెక్కల మాస్టారు కోటేశ్వరరావు గారు పైవరస కట్టుడు పళ్ళు ఊడదీసి, బొటనవేలితో లోపలి గులాబీరంగు భాగం రుద్ది, నీళ్ళు విదిలించి మళ్ళీ బిగించుకుంటారు. ఆయన మధిర వైపు మనిషి. ఏ పనీ తొందరగా చేయడం ఎరుగరు. ఆయన పళ్ళు కడుక్కునేంతసేపూ వెనక నిలబడ్డవాళ్ళు జిడ్డు డబ్బాలు చేతబట్టుకొని కబుర్లు చెప్పుకుంటారు. తెలుగు చెప్పే సోని అయితే ఆయనకు తువ్వాలు కూడా అందించేది.

సోనిది కారేపల్లి దగ్గరి తండా. వారమంతా ఏన్కూరులో కిరాయి గదిలో ఉండి బడికి వస్తుంది. వేసవి సెలవుల్లో ఖమ్మం వెళ్ళి పళ్ళకు తొడుగులు చేయించుకుంది. అద్దంలాంటి పలుచని ప్లాస్టిక్ తొడుగులవి. ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన ముందు పళ్ళను కొంచెం కొంచెంగా వరసలోకి జరుపుతాయి. కొన్నాళ్ళకొకసారి పాతది తీసి కొత్తది పెట్టుకోవాలి. డాక్టర్లు అలైనర్ అంటారు. జనం కనపడని క్లిప్పు అంటారు. తినేటప్పుడూ చాయ్ తాగేటప్పుడూ తప్ప పగలూ రాత్రీ అది నోట్లోనే ఉండాలి. తీసిన ప్రతిసారీ కడగాలి. కడగకుండా పెట్టుకుంటే పంటికీ ప్లాస్టిక్‌కూ మధ్య మెతుకు నిలిచి పన్ను పుచ్చుతుంది.

బడి తెరిచిన కొత్తలో ఒక మధ్యాహ్నం, సోని అన్నం తిని లేచి బేసిన్ దగ్గర నిలబడింది. ముందు పళ్ళు తోముకుంది. నీలం డబ్బాలోంచి క్లిప్పు తీసి మెత్తని చిన్న బ్రష్షు మీద చుక్క సబ్బునీళ్ళు వేసుకుంది. పేస్టు పెట్టదు, పేస్టులోని గరుకుకు ప్లాస్టిక్ మీద గీతలు పడతాయి, గీతల్లో పాచి నిలుస్తుంది. లోపలివైపు ఒక్కొక్క పన్ను గుంటనూ విడిగా తోమింది. కడిగి కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, తెల్లని పొర ఎక్కడైనా మిగిలిందేమోనని తిప్పి చూసింది.

"ఏంది సోనీ అది, చేతుల?" జీవశాస్త్రం చెప్పే హేమలత వెనకనుంచి అడిగింది.

"క్లిప్పు మేడమ్. పళ్ళకు."

"కనపడని క్లిప్పంటరు, గదేనా? ఏం, పెండ్లి కుదిరిందా?"

గదిలో ఎవరో నవ్వారు. సోని కూడా నవ్వింది. నవ్వేటప్పుడు అలవాటు ప్రకారం అరచెయ్యి పెదవులకు అడ్డం పెట్టుకుంది.

"పెండ్లి కాదు మేడమ్. నాకే చేయించుకోవాలనిపించింది."

"చేయించుకో తల్లీ, ఎవరొద్దన్నరు? గని ఇక్కడ కడుగుతవేంది? నోట్లదంటే ఎంగిలే కద. మేం తినే డబ్బాలు ఈ బేసిన్లనే కడుగుతం. హైజీన్ అని ఒకటుంటది. మీ దిక్కు పట్టింపు ఉంటదో లేదో నాకు తెల్వదు, మాకుంటది."

'మీ దిక్కు' అన్న మాటను ఆమె ఎక్కువ బరువు లేకుండానే అన్నది. ఇట్లాంటి మాటలు అనడం అలవాటైనవాళ్ళకు బరువు తెలియదు.

కోటేశ్వరరావు గారు సోనికి కాస్త ముందే బేసిన్ దగ్గరనుంచి జరిగారు. ఆయన మీసాల మీద నీటి బొట్లు ఇంకా ఆరలేదు. సోని ఆయన వైపు చూసింది. ఆయన కిటికీ వైపు చూశారు. బయట ఎండలో గోడ తప్ప ఏమీ లేదు. సోని నల్లా కట్టేసింది.

మరునాటినుంచి ఆమె పొద్దున బడికి బయలుదేరేముందు క్లిప్పు తీసి, డబ్బాలో పెట్టి, గదిలోనే వదిలి రావడం మొదలుపెట్టింది. బడి గంటలే కదా అని తనకు తాను చెప్పుకుంది. సాయంత్రం తిరిగివచ్చి పెట్టుకునేటప్పుడు రోజూ కాస్త ఎక్కువ బిగువుగా ఉండేది. బిగువుగా ఉంటే పని చేస్తున్నట్టే అని కూడా చెప్పుకుంది. తెలిసినవాళ్ళు తమను తాము మోసం చేసుకోవడానికి ఎక్కువ శ్రమ పడాలి. ఆమె ఆ శ్రమ అంతా పడింది.

*

శనివారం సాయంత్రం తండాకు చేరేసరికి ముసురు పట్టి ఉంది. తండ్రి దేవ్లా పత్తి చేను దగ్గరనుంచి ఇంకా రాలేదు. తల్లి కమ్లి పొయ్యి ముందు కూర్చొని జొన్నరొట్టె తడుతున్నది. మోచేతి పైదాకా ఉన్న తెల్లని ప్లాస్టిక్ గాజులు, బలియాలు, ఆమె పిండి మీద చెయ్యి ఆడించినప్పుడల్లా ఒకదానికొకటి తగిలి పొడిగా చప్పుడు చేస్తున్నాయి.

కొత్త క్లిప్పుకు మారవలసిన రోజది. సోని చేతులు కడుక్కొని అద్దం ముందు నిలబడింది. కొత్తదాన్ని ముందు పళ్ళమీద ఆనించి రెండు బొటనవేళ్ళతో వెనక్కి నొక్కింది. దవడ పళ్ళ దగ్గర టక్కుమని కూర్చుంది. ముందు మాత్రం కూర్చోలేదు. ప్లాస్టిక్ అంచుకూ పంటికీ మధ్య గోరు పట్టేంత సందు. తువ్వాలు మడత పళ్ళ మధ్య పెట్టి గట్టిగా కొరికింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సందు అట్లాగే ఉంది.

"అద్దం పళ్ళు ఎక్కుతలేవా బేటీ?" కమ్లి పొయ్యి దగ్గరినుంచే అడిగింది. తల్లీబిడ్డలు మాట్లాడుకునేది లంబాడీలో. కమ్లి ఆ క్లిప్పుకు తన భాషలో ఒక పేరు పెట్టుకుంది. తెలుగులో చెప్పాలంటే అద్దం పళ్ళు.

"బిగుసుకుంటున్నయి యాడీ. రేపు ఖమ్మం పోయి డాక్టరమ్మకు చూపిస్త." సోని కొత్తదాన్ని డబ్బాలో పెట్టి గోడ గూట్లో ఉంచింది. పాతదాన్నే పెట్టుకొని పడుకుంది.

తెల్లవారి లేచేసరికి పెరట్లో కుంకుడుకాయ వాసన. కమ్లి పొయ్యి మీదినుంచి దించిన గిన్నె ముందు గొంతుక్కూర్చొని ఉంది. గిన్నెలోంచి పొగలు లేస్తున్నాయి. ఆమె చేతిలో గరిటె ఉంది. ఆమె ఆ గరిటెలోకి తప్ప మరెక్కడికీ చూడటం లేదు.

తండాలో కొత్త బలియా చేతికి ఎక్కకపోతే ఒకటే ఉపాయం. కుంకుడు రసం కలిపిన వేడినీళ్ళలో నానబెడతారు. ప్లాస్టిక్ మెత్తబడి సాగుతుంది, నురగకు చెయ్యి జారుతుంది. కమ్లి తన చేతులకూ, చెల్లెళ్ళ చేతులకూ, కోడళ్ళ చేతులకూ అట్లాగే ఎక్కించింది. బిడ్డ కొత్త పళ్ళకూ అట్లాగే చేసింది. బిడ్డ లేచేలోపు మెత్తచేసి పెడితే, మళ్ళీ గుడ్డ కొరికి ఏడవనక్కర లేదనుకున్నది.

గరిటెలో క్లిప్పు ఎండిన చిక్కుడుతొక్కలా ముడుచుకొని ఉంది.

"నీకు నొప్పి తగలకుండ చేద్దామనుకున్న," అన్నది కమ్లి. "సాగుతదనుకుంటె ముడుచుకపాయె."

సోని ముందు గిన్నె పక్కనున్న ఖాళీ డబ్బాను చూసింది. తరువాత ఆ ముడుచుకుపోయిన దాన్నీ, నురగ అంటిన తల్లి ముక్కునూ చూసి ఆగలేక నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునే ఉంది.

కమ్లి గరిటె కింద పెట్టింది. బిడ్డ ముఖంలోకి చూసి, అడగవలసింది అడిగింది.

"బలియా తనంత తాను చిన్నగ గాదు. చెయ్యి మారితెనే బిగుస్తది. నీ పళ్ళెందుకు వెనుకకు జరిగినయ్? తీసి పెడుతున్నవా?"

సోని గిన్నె పక్కన కూర్చుంది. తరువాత చెప్పింది. బేసిన్ సంగతి, హేమలత మాట, కిటికీలోకి చూసిన పెద్దసారు సంగతి, అన్నీ చెప్పింది. చెబుతుంటే అంత చిన్న విషయానికి ఇంత పెద్ద మాటలు అవసరమా అని తనకే అనిపించింది. కమ్లికి చిన్న విషయమనిపించలేదు.

"ఆ పెద్దసారు పళ్ళు అండ్లనే కడుగుతడా?"

"అవ్."

"ఆయిననెవరన్న అంటరా?"

"అనరు."

"నిన్నంటె నువ్వేమన్నవ్?"

కమ్లి రెండు చేతులూ చాచింది. మణికట్టు నుంచి మోచెయ్యి పైదాకా తెల్లగా మెరుస్తున్న బలియాల వరసలు.

"ఇవి ఎక్కించిన్నాడు బొక్కలిరిగినంత నొప్పి. మూడు రోజులు రొట్టె తుంచలేకపోయిన. బజారుల నవ్వినోళ్ళున్నరు, దవాఖానల తీసెయ్యమన్నోళ్ళున్నరు. ఒక్కనాడన్న తీసిన్నా?" ఆమె గొంతు పెరగలేదు. "నోరు నీదా, ఆమెదా?"

*

ఖమ్మానికి కమ్లి కూడా బయలుదేరింది. వద్దంటే వినలేదు. "ఖరాబు చేసింది నేను. చెప్పుకోవలసింది గూడ నేనే," అని బస్సులో కిటికీ పక్క సీటు పట్టుకొని కూర్చుంది. ఒడిలో చీరకొంగులో చుట్టిన ముడుచుకుపోయిన క్లిప్పు ఉంది.

దంత వైద్యురాలు శ్యామల దాన్ని పట్టకారుతో ఎత్తి దీపం కింద చూసింది.

"వేడినీళ్ళా?"

"నేనే మేడమ్," కమ్లి తెలుగులో గబగబా అన్నది. "నా బిడ్డనేమనకు. నేనే వేసిన."

"ఏమనను అమ్మా. ఇట్ల చేసినోళ్ళల్ల నువ్వు మొదటిదానివి కాదు. మొన్న ఒకాయన కారుల ఎండకు పెట్టి మరిచిండు. ఇంకొకామె హోటల్ల కాగితంల చుడితె ప్లేట్లతోపాటు చెత్తల పోయింది." ఆమె సోని నోరు తెరిపించి చిన్న అద్దంతో చూసింది. తరువాత చేతి తొడుగులు తీసి కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఇది పాడైంది, సరే, మళ్ళీ చేయించొచ్చు. అసలు సంగతి వేరే ఉంది. పగలు పెట్టుకుంటలేరు కదా?"

సోని తల వంచుకుంది.

"నాకు చెప్పకపోయినా పళ్ళు చెప్తయి. వాటికి మొహమాటం ఉండదు. మనం వదిలేస్తే పాత జాగాకు పోతయి. ఇప్పుడు పాత క్లిప్పే కొనసాగిద్దాం. తిండి టైము తప్ప పగలంతా ఉండాలె. తీసిన ప్రతిసారి కడగాలె, గోరువెచ్చని నీళ్ళు కూడ వద్దు, మామూలు నీళ్ళు చాలు. మళ్ళీ వచ్చేటప్పటికి పళ్ళు జాగాకు రాకపోతే ఈ వరస పనికిరాదు. కొలతలు, అన్నీ మొదటినుంచి." ఆమె అద్దం పక్కన పెట్టింది. "పగలు పెట్టుకోవడానికి ఇబ్బంది ఏంది?"

"ఇబ్బందేం లేదు మేడమ్," అన్నది సోని. "ఇప్పటినుంచి పెట్టుకుంట."

గది బయట మెట్లమీద కమ్లి బిడ్డ గడ్డం పట్టుకొని వెలుతురుకు తిప్పింది. క్లిప్పు ఉన్నట్టే లేదు. పళ్ళమీద కొంచెం తడి మెరుపు మాత్రం ఉంది.

"మంచిగున్నయ్," అన్నది. పశువును కొనేటప్పుడు కూడా ఆమె అంత జాగ్రత్తగా చూసి ఎరుగదు.

*

సోమవారం మధ్యాహ్నం సోని క్లిప్పును గోడవైపు తిరిగి తీయలేదు. బల్ల దగ్గరే తీసి, డబ్బాలో పెట్టి, అన్నం తిని, లేచి బేసిన్ దగ్గరికి వెళ్ళింది. పళ్ళు తోముకుంది, క్లిప్పు తోమింది, కడిగింది, వెలుతురుకు చూసింది, పెట్టుకుంది. గదిలో మాటలు ఆగి మళ్ళీ మొదలయ్యాయి. హేమలత తన డబ్బా మూత కడగకుండానే బిగించుకొని, చెప్పుల చప్పుడు గట్టిగా చేసుకుంటూ బయటికి వెళ్ళింది.

సాయంత్రం ప్రిన్సిపల్ భారతమ్మ పిలిపించింది. ఆమె మంచి మనిషి. బడిలో జరిగే ప్రతి అన్యాయాన్నీ మెత్తని గొంతుతో సర్దుబాటు చేయగలదు.

"కూచో సోనీ. చాయ్ తాగుతవా? అరే, నువ్వు తాగొద్దు కద, క్లిప్పు. చూడు, నాకు ఇద్దరూ కావాలె. హేమలత కొద్దిగ పట్టింపు మనిషి. మనసులేం ఉండదు."

"అవ్ మేడమ్. నోట్లనే ఉంటది."

భారతమ్మ వినిపించుకోలేదు, లేదా వినిపించుకోనట్టు ఉండటం నేర్చుకుంది. "జీవితమంటేనే సర్దుబాటు తల్లీ. నీకు గూడ ఇబ్బంది కావొద్దు. ఏదన్న ఏర్పాటు చేయిస్త. నీ మంచికే చెప్తున్న."

"కోటేశ్వరరావు సారుకు గూడ అదే ఏర్పాటా మేడమ్?"

"ఆయన సంగతి వేరు," అన్నది భారతమ్మ. ఎట్లా వేరో చెప్పకుండా గడియారం చూసుకుంది.

*

ఏర్పాటు మంగళవారం పొద్దునే కనిపించింది. స్టాఫ్‌రూము వెనక, పిల్లలు అన్నం పళ్ళేలు కడిగే గచ్చు పక్కన ఒక కొత్త నీలం టబ్బు, దానిలో ఒక కొత్త మగ్గు. అటెండర్ జంపక్క అక్కడ నిలబడి చీపురు కట్ట విప్పి మళ్ళీ కడుతున్నది.

"నన్ను పెట్టమన్నరు, పెట్టిన," అన్నది జంపక్క, సోని ముఖం చూడకుండా. "పేరు మాత్రం నేను రాయలే టీచర్. నాకు రాదని కాదు. హేమలత మేడమే రాసుకచ్చింది."

మగ్గు మీద నల్లని మార్కర్‌తో 'సోని టీచర్' అని ఉంది. అక్షరాలు గుండ్రంగా, ఒద్దికగా ఉన్నాయి. పిల్లల నోటు పుస్తకాలు దిద్దే చెయ్యి. అవమానాన్ని కూడా ఇంత శ్రద్ధగా రాయవచ్చునని సోని అంతకు ముందు ఎరుగదు. ఆమె మగ్గును ముట్టుకోకుండా తరగతికి వెళ్ళింది.

తొమ్మిదో తరగతిలో ఆనాడు సామెతలు. అందరూ తలా ఒకటి చెప్పాలి. అడవి లోపలి గూడేలనుంచి వచ్చిన ఒక పిల్ల లేచి, ధైర్యం కూడదీసుకొని, "ఆడలేక మద్దెల ఓటు టీచర్," అని కూర్చుని, "మా నాయిన మద్దెల నిజంగనే ఓటు టీచర్," అన్నది. తరగతి అంతా గొల్లుమన్నది. ఆ నవ్వులో సోని ఒక సంగతి చూసింది. ముందు వరసనుంచి గోడ వరస దాకా పిల్లల అరచేతులన్నీ నోళ్ళకు అడ్డం లేచి ఉన్నాయి. వేళ్ళు దగ్గరగా చేర్చి, బొటనవేలు బుగ్గకు ఆనించి, అచ్చం ఒకే తీరుగా. ఇన్ని ఊళ్ళ పిల్లలకు ఆ సైగ ఇంటినుంచి రాలేదు. ఆ సైగ ఎవరిదో సోనికి తెలుసు.

ఆమె చెయ్యి అప్పటికే సగం లేచి ఉంది. దాన్ని దించి బల్లమీద పెట్టింది. నోరు తెరిచి, పళ్ళు కనపడేటట్టు, కడుపునిండా నవ్వింది. పిల్లలు కొద్దిగా బిత్తరపోయారు. టీచర్ పళ్ళు ఇట్లా ఉంటాయని వాళ్ళు ఎన్నడూ చూడలేదు. తరువాత మద్దెల పిల్ల చెయ్యి దిగింది. దాని పక్కదాని చెయ్యి దిగింది. సోని సుద్దముక్క తీసుకొని పాఠం కొనసాగించింది.

*

మధ్యాహ్నం భోజనాలు అయ్యాయి. సోని వెనక గచ్చు దగ్గరికి వెళ్ళింది. జంపక్క చూస్తుండగా టబ్బునూ మగ్గునూ రెండు చేతులా ఎత్తుకొని స్టాఫ్‌రూములోకి తెచ్చింది. బేసిన్ పక్కన ఉన్న ఎత్తు పీట మీద టబ్బు పెట్టింది. తన సంచిలోని సానిటైజర్ కొద్దిగా దూది మీద వేసి మగ్గుమీది పేరును తుడిచింది. మార్కర్ సిరా ముందు మసకబారి, తరువాత పూర్తిగా పోయింది. నల్లబడిన దూదిని చెత్తబుట్టలో వేసింది.

"ఏందిది సోనీ?" అన్నది హేమలత.

"మీరు చేయించిన ఏర్పాటే మేడమ్. నోట్లోది ఏదైనా బేసిన్ల కడగొద్దన్నరు కద. మంచి రూలే. అందుకే లోపలికి తెచ్చిన. ఇగ ఎవరిదైనా ఈ టబ్బులనే. పుక్కిలించేటోళ్ళు కూడ దీంట్లనే ఉమ్మాలె."

ఆమె గొంతులో కోపం లేదు. హాజరు పట్టిక చదివినట్టు చెప్పింది. హేమలత చేతిలో గ్లాసు ఉంది, గ్లాసులో పుక్కిలించడానికి పట్టుకున్న నీళ్ళున్నాయి. ఆమె ఆ గ్లాసును నోటి దగ్గరికి తీసుకుపోలేదు, కింద పెట్టనూ లేదు.

కోటేశ్వరరావు గారు ఆ సరికే బల్ల దగ్గర పళ్ళు ఊడదీసుకొని ఉన్నారు. వాటిని అరచేతిలో పట్టుకొని రోజూ నడిచే దారినే నడిచి వచ్చారు. పీటకూ బేసిన్‌కూ మధ్య ఆగిపోయారు. పైవరస లేక పెదవి లోపలికి ముడుచుకుపోయింది.

"సార్, మీరు బేసిన్లనే కడుక్కోండి," హేమలత తొందరగా అన్నది. "మీది వేరు."

ఆయన ఆమె వైపు తిరిగారు. పళ్ళు లేని నోట మాట గాలితో కలిసి వచ్చింది.

"ఏం వేరమ్మా?"

"అంటే... పెద్దోళ్ళు సార్ మీరు."

"నా ఉమ్ము కూడా పెద్దదేనా?"

ఎవరూ నవ్వలేదు. ఆయన నవ్వించడానికి అనలేదు. అరచేతిలోని పళ్ళను ఒకసారి చూసుకున్నారు. కిటికీ వైపు చూశారు, వెంటనే చూపు వెనక్కి తెచ్చుకున్నారు.

"ఆ రోజు నేను కిటికీలోంచి బయటికి చూశాను. అక్కడ చూడటానికి ఏమీ లేదు," అన్నారు. తరువాత, ఇన్నాళ్ళూ 'ఏమ్మా, నువ్వు' అని పిలిచిన మనిషి, "సోని టీచర్, మీరు ముందొచ్చారు. బేసిన్లో మీరు కానివ్వండి. మీ తరవాత నేను," అని ఆమె వెనక నిలబడ్డారు.

సోని ఆయనకు కృతజ్ఞత చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఏమీ ఆమెకు కనిపించలేదు. ఎవరి వరసలో వాళ్ళు నిలబడటం ఉపకారం కాదు.

ఆమె టబ్బును పీటమీదినుంచి దించి గోడవార పెట్టింది. బేసిన్ ముందుకు వచ్చి నల్లా తిప్పింది. బుస్సుమని గాలి, తరువాత నీళ్ళు. నీలం డబ్బా మూత తీసింది. ముందు పళ్ళు తోముకుంది. పైవరస లోపలా వెలుపలా, కిందివరస లోపలా వెలుపలా, దవడల చివరిదాకా. ఉమ్మింది. బేసిన్ కడిగింది. అప్పుడు క్లిప్పు తీసుకొని బ్రష్షుమీద సబ్బు చుక్క వేసుకుంది. ఒక్కొక్క గుంటలో బ్రష్షు మొన తిప్పింది. ముందు పళ్ళ గుంటల దగ్గర ఇంకా నెమ్మదిగా తిప్పింది. తప్పిన పళ్ళు మళ్ళీ దారికి వస్తున్నది అక్కడే. నురగ పోయేదాకా కడిగింది. వెలుతురుకు ఎత్తింది. ఒక మూల తెల్లగా అనిపించింది. మళ్ళీ తోమింది.

ఆమె వెనక కోటేశ్వరరావు గారు, ఆయన వెనక సాంఘికశాస్త్రం టీచర్, ఆమె వెనక ఇంకొకరు. రెండో గంట కొట్టే వేళ అవుతున్నది. హేమలత డబ్బాలో పప్పు అంచులకు ఎండి అంటుకుంటున్నది. ఆమె గ్లాసులోని నీళ్ళను గటుక్కున మింగేసి, డబ్బా పట్టుకొని, అటూ ఇటూ చూసి, వరస చివర నిలబడింది.

జంపక్క గుమ్మంలోనుంచి ఇదంతా చూసి, వచ్చి గోడవారనున్న టబ్బును ఎత్తుకుంది. "కరివేపాకు మొక్కకు నీళ్ళు పొయ్యనీకి మంచిగ పనికొస్తది టీచర్," అని తీసుకుపోయింది.

సోని క్లిప్పును ముందు పళ్ళమీద ఆనించి, రెండు బొటనవేళ్ళతో నొక్కింది. ఒకవైపు టక్కుమంది. రెండోవైపు టక్కుమంది. ముందు పళ్ళ దగ్గర ఈ పాతదానికీ సన్నని సందు ఇంకా కొంచెం ఉంది. కొన్నాళ్ళకు అదీ పోతుంది. ఆమె బ్రష్షు కడిగి విదిలించి, డబ్బా లోపల తుడిచి, మూత పెట్టింది. ఒక్క పనిలోనూ తొందరపడలేదు. తిరిగి చూసి, వరసలో ఉన్నవాళ్ళందరికీ పళ్ళు కనపడేటట్టు నవ్వి, పక్కకు జరిగింది.

మీరు పనిచేసే చోటా ఒక నల్లా ఉంటుంది. దాని ముందు మీకన్నా ముందు వచ్చిన మనిషి నిలబడి ఉంటుంది. ఆమె చేతిలో ఏముందో తొంగి చూడకండి. ఏ తండానుంచి, ఏ గూడెంనుంచి వచ్చిందో ఆరా తీయకండి. ఆమె మంచికని ఏ ఏర్పాటూ చేయకండి. మీ ఎంగిలి డబ్బా మీ చేతిలోనే పట్టుకొని, ఆమె పని అయ్యేదాకా, వరసలో నిలబడండి.